మొండికేసిన ఫ్యాన్

బెంగళూరు సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో ఆగితే చాలు, మా పాత డీజిల్ జీపు టెంపరేచర్ ముల్లు పైకి పాకేది, బండి వేగం అందుకోగానే దిగేది. ఇంజిన్ వేడెక్కినప్పుడు ఫ్యాన్‌ని వేగంగా తిప్పే విస్కస్ క్లచ్ చుట్టూ జిడ్డు కనిపించింది, లోపలి సిలికాన్ ఆయిల్ కారిపోతోంది.

ఆదివారం ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే మొదలుపెట్టాను. బ్యాటరీ నెగటివ్ తీసి, రేడియేటర్‌కి అడ్డంగా మందపాటి అట్ట పెట్టాను, స్పానర్ జారితే ఆ పల్చటి రెక్కలు నలిగిపోతాయి కాబట్టి ఇది మాత్రం అస్సలు మర్చిపోకండి. క్లచ్‌ని వాటర్ పంప్‌కి పట్టి ఉంచే నట్టుకి 32 స్పానర్ వేసి లాగితే అది కదలదు, వాటర్ పంప్ పుల్లీయే తిరుగుతోంది! బెల్టు తీయకుండానే, పుల్లీ బోల్టుల మధ్య ఇనుప పట్టీ ఆనించి మా బావ గట్టిగా పట్టుకున్నాడు. ఊహూఁ.

మాన్యువల్ చూస్తే మా బండికి రివర్స్ థ్రెడ్, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. అన్ని బండ్లకీ ఇలా ఉండదు, మీది ముందే చూసుకోండి. తుప్పు వదిలే స్ప్రే కొట్టి అరగంట ఆగి, స్పానర్ చివర సుత్తితో ఒక్క గట్టి దెబ్బ వేశాను. ఎంతసేపు బలంగా లాగినా రానిది ఆ అదురుకి టక్కున వదిలింది, బావా నేనూ ఒకేసారి అరిచాం.

కొత్త క్లచ్ జేసీ రోడ్‌లో దొరికింది. లోపలి ఆయిల్ కారిపోకుండా, బిగించేదాకా దాన్ని పడుకోబెట్టకుండా నిలబెట్టే ఉంచాను.