ఆటోను పక్కకు వాల్చకుండా ఇంటి దగ్గర ఎత్తి నిలిపిన అనుభవం

బ్రేకు తొక్కినప్పుడల్లా నా ఆటో వెనుక ఎడమ చక్రం నుంచి ఇనుము ఇనుముతో రాసుకుంటున్న శబ్దం రావడం మొదలైంది. బ్రేకు షూల మీద అతికించి ఉండే రాపిడి పట్టీలు, అంటే లైనర్లు అరిగిపోయాయని, షూలను కప్పి చక్రంతో పాటు తిరిగే డ్రమ్మును విప్పక తప్పదని అర్థమైంది. డ్రమ్మును లోపలి నుంచి ఒత్తి చక్రాన్ని ఆపే ఆ బ్రేకు షూలు మార్చడం నాకు తెలిసిన పనే. షెడ్డులో మా మెకానిక్ బాబాయి పక్కన నిలబడి, పానాలు అందిస్తూ నేర్చుకున్నాను. అయితే 300 కిలోలకు పైబడిన బండిని ఇంటి ముందు ఒక పక్క పైకి లేపి, ధైర్యంగా కింద చేతులు పెట్టగలిగేలా నిలపడం అంతవరకు సొంతంగా చేసిన పని కాదు. అందుకే షూల సంగతి కంటే ఎత్తే సంగతినే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మా ప్రాంతపు షెడ్లలో ఆటోను పక్కకు వాల్చి, కింద పాత టైర్లు వేసి పడుకోబెట్టడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. నలుగురు మనుషులు, అలవాటు పడిన చేతులు ఉన్న చోట ఆ పని త్వరగా అయిపోతుంది. ఇంటి దగ్గర మాత్రం నేను దానిని వద్దనుకున్నాను. బండిని వాల్చితే బ్యాటరీలోని యాసిడ్ కారవచ్చు, పెట్రోలు మూత దగ్గర చెమర్చవచ్చు, ఇంజన్ ఆయిల్ ఎయిర్ ఫిల్టరు వైపు పాకవచ్చు. పైగా నాది సీఎన్‌జీ బండి. గ్యాసు నింపినప్పుడు సిలిండరులో సుమారు 200 బార్ల ఒత్తిడి, అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి దాదాపు 200 రెట్లు ఉంటుంది. ఆ పైపులు, వాటి బిగింపులు ఉన్న బండిని పక్కకు పడుకోబెట్టి బరువంతా బాడీ రేకు మీద మోపడానికి నాకు మనసొప్పలేదు. ఒక్క చక్రం పని కోసం ఒక్క చక్రాన్నే లేపితే చాలు.

మొదట చూడవలసింది నేల. మాది గోదావరి డెల్టా. ఇంటి పెరట్లోని ఒండ్రు మట్టి పైకి గట్టిగా కనిపించినా, జాకీ అడుగున ఉన్న చిన్న పళ్లెం మీద బరువు పడగానే లోపలికి దిగబడుతుంది, అదీ ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ. వీధిలోని సిమెంటు రోడ్డు గట్టిదే కాని కాలువ వైపు వాలుగా ఉంది. చివరికి మెట్ల ముందు గచ్చు చేసిన చోటును ఎంచుకున్నాను. ఒక పళ్లెంలో నీళ్లు పోసి గచ్చు మీద పెట్టి, నీరు ఒక అంచుకు చేరడం లేదని చూసుకున్న తరువాతే బండిని అక్కడికి తెచ్చాను.

మూడు చక్రాల బండిని ఎత్తడంలో నాలుగు చక్రాల కారుకు లేని చిక్కు ఒకటి ఉంది, దాన్ని నేను కాగితం మీద గీసుకుని అర్థం చేసుకున్నాను. వెనుక ఎడమ చక్రం నేలను వదిలిన క్షణం నుంచి బండి ముందు చక్రం, వెనుక కుడి చక్రం, జాకీ అనే మూడింటి మీదే నిలుస్తుంది. ఆ మూడింటినీ కలిపితే వచ్చే త్రిభుజం లోపల బండి బరువు పడినంతసేపే అది నిలబడుతుంది. జాకీని బండి మధ్య వైపు జరిపితే త్రిభుజం సన్నబడి, బండి ఎడమ పక్కకు ఒరిగే వీలు ఏర్పడుతుంది. వెనుక ఇరుసు నుంచి బాగా ముందుకు జరిపితే మరో ప్రమాదం: ఇంజన్ వెనుక ఉన్నందువల్ల ఈ బండి బరువులో ఎక్కువ పాలు వెనుకనే ఉంటుంది కనుక, జాకీ ముందుకు పోయినకొద్దీ ముందు చక్రం తేలిపోయి బండి వెనక్కి ఒరగవచ్చు. అందువల్ల జాకీ చోటు వీలైనంత బయటికి, ఇరుసుకు వీలైనంత దగ్గరగా, చాసిస్, అంటే బండిని మోసే ఇనుప చట్రం గట్టి భాగం కింద ఉండాలి. బండితో వచ్చిన పుస్తకంలో చూపిన చోటు కూడా నా బండికి అదే. అడుగు రేకు కింద జాకీ పెడితే రేకు లోపలికి నొక్కుకుపోతుందే తప్ప బండి లేవదు.

తరువాతి విషయం చాలామంది పట్టించుకోనిది. గేరులో వేస్తే బండి కదలదని మనందరి నమ్మకం. వెనుక చక్రాలు రెండూ నేల మీద ఉన్నప్పుడు అది నిజం. ఒక చక్రం గాలిలో ఉన్నప్పుడు డిఫరెన్షియల్, అంటే వెనుక చక్రాలు రెండూ వేర్వేరు వేగాలతో తిరగడానికి వీలిచ్చే పళ్ల చక్రాల అమరిక, ఆ చక్రాన్ని ఒకవైపు తిరగనిచ్చి, నేల మీది చక్రాన్ని మరోవైపు దొర్లనిస్తుంది; అంటే గేరులో ఉన్న బండి కూడా కదులుతుంది. పోనీ హ్యాండ్ బ్రేకు ఉందనుకుంటే, నా బండిలో అది పట్టుకునేది వెనుక చక్రాలనే, డ్రమ్ము ఊడాలంటే దానిని వదలక తప్పదు. కాబట్టి బండిని నిజంగా ఆపేది టైర్లకు పెట్టే అడ్డు చెక్కలే. ముందు చక్రానికి ముందూ వెనుకా, కుడి వెనుక చక్రానికి ముందూ వెనుకా, ఏటవాలుగా కోసిన తుమ్మ చెక్కలను సుత్తితో తట్టి గట్టిగా ఇరికించాను. ముందు చక్రం తిరిగితే బండి ఆనిక మారుతుంది కనుక హ్యాండిల్‌ను తిన్నగా పెట్టి తాడుతో కట్టేశాను. ప్రయాణికుల సీటు వెనుక ఉన్న సామాను దించి, గ్యాసు సిలిండరు వాల్వు మూసి, బ్యాటరీ వైరు తీశాను.

చక్రం నట్లను నేల మీద ఉండగానే పావు చుట్టు వదులు చేశాను. ఎత్తిన బండి మీద పానాతో బలంగా లాగితే జాకీ జారవచ్చు. ఇక్కడ మరొక జాగ్రత్త చెప్పాలి. ఆటో రిమ్ము రెండు ముక్కలను కలిపి బిగించినది. చక్రాన్ని హబ్బుకు, అంటే ఇరుసు చివర చక్రం కూర్చునే భాగానికి పట్టి ఉంచే నట్లు వేరు, రిమ్ము ముక్కలను కలిపి ఉంచే నట్లు వేరు. గాలి ఉన్న టైరుకు ఈ రెండో రకం నట్లు విప్పితే రిమ్ము పగిలినట్టు విడిపోయి మనిషి ముఖానికి తగులుతుంది. ఏది ఏదో ఖాయంగా తెలియనంతవరకు పానా పెట్టకూడదు.

రెండు టన్నులు ఎత్తగల బాటిల్ జాకీతో, అంటే సీసా ఆకారంలో ఉండి ఆయిల్ ఒత్తిడితో లేచే హైడ్రాలిక్ జాకీతో ఎత్తడం మొదలుపెట్టాను. జాకీ తలకూ చాసిస్‌కూ మధ్య పలుచని చెక్క పెట్టాను, ఇనుము మీద ఇనుము జారకుండా. సస్పెన్షన్ వల్ల బండి కొంత లేచినా చక్రం కిందికి వేలాడుతూ నేలను వదలదు. దాన్ని చూసి తొందరపడి జాకీని ఒక్కసారిగా పైకి కొట్టకూడదు. కొద్దికొద్దిగా ఎత్తుతూ, ఎత్తిన ప్రతిసారీ చాసిస్ కింద తుమ్మ దిమ్మలను ఒక వరుస నిలువుగా, ఒక వరుస అడ్డంగా పేర్చుతూ వచ్చాను. ఇటుకలు వాడలేదు, బరువు కింద ఇటుక ముందుగా ఏ సూచనా ఇవ్వకుండా పగిలిపోతుంది. చక్రం నేలను రెండు వేళ్ల ఎత్తు వదలగానే ఆపి, జాకీని నెమ్మదిగా దించి బండి బరువును దిమ్మల మీదికి తెచ్చాను. జాకీని తీసేయకుండా చాసిస్‌కు తగిలీ తగలనట్టు పక్కనే ఉంచాను. హైడ్రాలిక్ జాకీ సీలు ఏ క్షణంలోనైనా ఆయిల్ వదలవచ్చు, అది ఎత్తడానికే తప్ప మోయడానికి కాదు అని బాబాయి నాకు ఎన్నోసార్లు చెప్పిన మాట.

చక్రం విప్పకముందే, పక్కకు నిలబడి బండిని నాలుగు దిక్కుల నుంచి చేత్తో గట్టిగా ఊపాను. ఏ దిమ్మా కదలలేదు. ఊపితే పడిపోయే బండి, మనం కింద లేనప్పుడే పడనీ. పిల్లలు అటు రాకుండా మా ఆవిడ వాకిట్లో కూర్చుంది. అప్పుడు హ్యాండ్ బ్రేకు వదిలి, అడ్డు చెక్కలు నిలిచాయని మళ్లీ చూసుకుని, చక్రం, డ్రమ్ము తీశాను. లోపలి దుమ్మును ఊదకుండా తడి గుడ్డతో తుడిచాను. షూలు మార్చడం తేలికగానే పూర్తయింది. తీసిన చక్రాన్ని గోడకు ఆనించకుండా, పని జరిగినంతసేపూ చాసిస్ కిందే పడుకోబెట్టి ఉంచాను. దిమ్మలు జారినా బండి ఆ టైరు మీద ఆగుతుంది.

దించేటప్పుడు వరుస తిరగబడుతుంది. చక్రం తొడిగి నట్లను చేత్తో ఎక్కించి, జాకీతో ఒక్క పిసరు లేపి దిమ్మలు తీసి, బండిని నేలకు దించిన తరువాత నట్లను ఎదురెదురుగా బిగించాను. హ్యాండ్ బ్రేకు వేసి, హ్యాండిల్ తాడు విప్పి, అడ్డు చెక్కలను చివర తీశాను. బ్యాటరీ వైరు కలిపి, గ్యాసు వాల్వు తెరిచి, వాసన రావడం లేదని నిర్ధారించుకున్నాక ఖాళీ బండితో వీధి చివరి దాకా నెమ్మదిగా వెళ్లి బ్రేకు పట్టి చూశాను. శబ్దం లేదు, బండి ఒక పక్కకు లాగడం లేదు. ఆ సాయంత్రం బేరాలు ముగించి వచ్చాక నట్లకు మరొకసారి పానా వేసి బిగువు సరిచూశాను.