డమ్మీ ఉమ్మితే దాడి కేసట!

మొత్తానికి సెలెక్టయ్యాను. జనం ఇంగ్లిష్‌లో పెట్టే కామెంట్లు చదివి, ఏది నిజమైన బెదిరింపు, ఏది నిజమైన బాధ, ఏది ఉత్త ఓవరాక్షన్ అని లేబుల్ వెయ్యడమే పని. ఇంటి నుంచే. కంపెనీ పేరు చెప్పను, ఇంకా సంతకాలు కాలేదు.

దరఖాస్తు, టైపింగ్, గ్రామర్ పరీక్ష ఇట్టే అయిపోయాయి. గ్రామర్ బాగా వచ్చినవాళ్లే తర్వాత బోల్తా పడ్డారు.

నమూనా లేబులింగ్‌లో ముందు కంగారు పడక్కర్లేదు. 'ఐ యామ్ డెడ్' పక్కన పుర్రె బొమ్మ ఉంటే అవతలివాడు పగలబడి నవ్వుతున్నాడని. నవ్వలేక చచ్చామని మనమూ అంటాంగా. కళ్లనీళ్లతో నవ్వే బొమ్మను ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ వాళ్లు 2015కి ఆ ఏటి మాటగా ఎంచారు. ఇప్పుడు కుర్రాళ్లు దాన్ని పెద్దవాళ్లకి వదిలేసి పుర్రెకి మారారు. 'స్క్రీమింగ్, క్రయింగ్, త్రోయింగ్ అప్' (అరుపులు, ఏడుపు, వాంతులు) అని ఉంటే డాక్టరేం అవసరం లేదు, అభిమాన గాయని కొత్త పాట వచ్చి ఉంటుంది. 'లిటరల్లీ' (అక్షరాలా) కనిపించిందని నిజం అనుకోకండి. ఒట్టి నొక్కు కోసం వాడే ఆ అర్థాన్ని మెరియమ్ వెబ్‌స్టర్ డిక్షనరీ 1909లోనే ఎక్కించింది.

ఇక కాలిబ్రేషన్ కాల్, అంటే అందరి లేబుళ్లూ ఒకేలా ఉన్నాయో లేదో కలిసి సరిచూసుకునే వీడియో కాల్. అందరం కెమెరాలు పెట్టుకుని కూర్చున్నాం. క్వాలిటీ లీడ్ గారు నా షీట్ తెర మీద పెట్టి, ఒక వరుసను ఎర్రరంగుతో నింపారు. ఓ ఆట గురించిన కామెంట్ అది: అంపైర్ నిర్ణయం నచ్చక కెప్టెన్ 'స్పాట్ ద డమ్మీ' అని, మాటకి మాట చూస్తే డమ్మీని ఉమ్మేశాడని. నేను 'అలక, అతిశయం' అని వేశాను. ఆయన ఆన్సర్ కీలో 'శారీరక దాడి' అని ఉంది.

"గట్టిగా చదవండి" అన్నారు. చదివాను. "మళ్లీ చదవండి. ఉమ్మాడని ఉందా లేదా?" ఉందన్నాను. "మరి ఉమ్మడం దాడి కాదా? మీ ఇళ్లలో మామూలేనా?" నలుగురు నవ్వారు. ఒకాయన మైక్ తీసి మరీ నవ్వాడు. ఆ తర్వాత ఆ కోపం ఎలా ఉంటుందో నటించి చూపించమన్నారు, 'అందరికీ అర్థమవుతుందని'. ఉద్యోగం కావాలి కదా, మూతి ముడిచి చేతులు కట్టుకుని కూర్చున్నాను. చెవులు కాలిపోయాయి.

కానీ వదల్లేదు. డమ్మీ అంటే పసిపిల్లల నోట్లో పెట్టే రబ్బరు పీక అండీ. కోపమొస్తే పిల్లాడు దాన్ని తుపుక్కున ఉమ్మేస్తాడు. పెద్దవాడు అలా చిందులు తొక్కితే ఆస్ట్రేలియా వాళ్లు ఈ మాట అంటారు. ఆస్ట్రేలియా క్రికెట్ కామెంటరీ వినేవాళ్లకి ఇది కొత్తేం కాదు. బ్రిటన్‌లోనూ ఇలాంటిదే ఇంకోటుంది, పిల్లాడు తోపుడుబండిలోంచి బొమ్మలన్నీ విసిరేశాడని. అమెరికాలో పీకను డమ్మీ అనరు, పాసిఫయర్ అంటారు. ఆ కీ తయారు చేసినవాళ్లకి అమెరికా ఇంగ్లిష్ ఒక్కటే తెలుసన్నమాట. ఇదంతా చెప్పి, డిక్షనరీ లింకు చాట్‌లో పడేశాను. కాల్‌లో ఒక్కరు నోరు మెదపలేదు. ఆయన "ఆఫ్‌లైన్‌లో చూద్దాం" అని తర్వాతి వరుసకి వెళ్లిపోయారు. మర్నాటికి కీలో జవాబు మారింది, నా మార్కూ తిరిగొచ్చింది. సారీ మాత్రం రాలేదు. నవ్వినవాళ్లలో ఇద్దరు ఆ లింకు నన్నే మళ్లీ పంపమన్నారు, పంపాను కూడా. నాకు అంత పట్టింపు లేదు.

మనుషుల్ని పదిమంది ముందు నిలబెట్టి నవ్వించడం శిక్షణ అనుకునేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. అరిచేవాడికంటే వీళ్లే ప్రమాదం.

వెళ్లేవాళ్లకి చెప్పేదేంటంటే, వాళ్లిచ్చే మాటల పట్టికను బట్టీ పట్టొద్దు, అది పాతబడిపోయింది. 'క్రాష్ అవుట్' అంటే అందులో టోర్నీ నుంచి వెళ్లిపోవడం, అలిసి నిద్రపోవడం అనే రెండే ఉన్నాయి. ఇప్పటి పిల్లలు ఒళ్లు తెలియకుండా శివాలెత్తడానికి అదే మాట వాడుతున్నారు. రాసినవాడిది ఏ దేశం, కింద స్నేహితులు ఏమని జవాబిచ్చారు, ఈ రెండూ చూడండి. స్నేహితులు కూడా పుర్రెలే పెడుతుంటే అది సరదా. "ఎక్కడున్నావ్, ఫోన్ ఎత్తు" అని రాస్తుంటే మాత్రం పైవాళ్లకి పంపెయ్యండి, స్కోరు పోయినా సరే.

ఒప్పందం వచ్చే వారం పంపుతారట. ఆ లీడ్ గారి టీమ్‌లోనే వేస్తే వేరే టీమ్ అడుగుతాను. ఇవ్వకపోతే కెమెరా పాడైందంటాను.