సోనా మసూరి బీరు: అపార్టుమెంటు వంటింట్లో పది లీటర్లు

అమెరికాలో అద్దె అపార్టుమెంటులో బీరు చేసుకోవాలనుకునే మనవాళ్ళు మొదట మానుకోవాల్సింది అయిదు గ్యాలన్ల కిట్టు కొనడం. ఇక్కడి రెసిపీలు చాలావరకు ఆ కొలతకే, అంటే 19 లీటర్లకే రాసి ఉంటాయి. దానికి పొయ్యి మీద పాతిక లీటర్ల నీళ్ళు తెర్లాలి. అద్దె ఇళ్ళలో ఉండే కరెంటు కాయిల్ పొయ్యికి అంత సత్తువ లేదు. గంటన్నర పెట్టినా అంచుల్లో బుడగలొస్తాయే గానీ సలసలా కాగదు. పైగా ఆర్నెల్లకి ప్రాజెక్టు మారితే డాలస్ నుంచి షార్లెట్‌కి ఆ సామానంతా కారులో మోసుకుపోవాల్సింది మీరే. పది లీటర్లయితే 20 లీటర్ల స్టీలు గిన్నె, గింజలు పట్టే సన్నటి నైలాన్ సంచి, మూడున్నర గ్యాలన్ల ఫుడ్‌గ్రేడ్ బకెట్, ఎయిర్‌లాక్ (లోపలి గ్యాస్‌ను బయటికి వదిలి గాలిని లోపలికి రానివ్వని బిరడా), థర్మామీటరు, హైడ్రోమీటరు (రసం సాంద్రత కొలిచేది) ఉంటే చాలు. అన్నీ అలమర కింది అరలో సర్దుకుంటాయి.

ఇక బియ్యం సంగతి. "ఏందన్నా, బియ్యంతో బీరా?" అని నెల్లూరోళ్ళే నవ్వుతారు. బడ్వైజర్‌లోనూ బార్లీతో పాటు బియ్యం ఉంటుంది. 19వ శతాబ్దంలో జర్మనీ నుంచి వచ్చి ఇక్కడ బీరు పెట్టినవాళ్ళకు దొరికింది ఆరు వరసల బార్లీ. అందులో మాంసకృత్తులు ఎక్కువ, బీరు మసకగా బరువుగా వచ్చేది. బియ్యమో మొక్కజొన్నో కలిపి దాన్ని తేలిక చేసుకున్నారు. బియ్యానికి సొంత రుచి పెద్దగా ఉండదు, అదే దాని సుగుణం. అందుకే బాస్మతి వెయ్యడం దండగ, ఆ వాసనంతా మరుగులోనే పోతుంది. దంపుడు బియ్యంలో తౌడు నూనె ఉంటుంది, నురగ నిలవదు. ఇండియన్ స్టోర్లో ఇరవై పౌండ్ల సంచిలో వచ్చే సోనా మసూరి బాగా పనికొస్తుంది. నూకలు దొరికితే ఇంకా మేలు, త్వరగా ఉడుకుతాయి. ఇక్కడ బ్రూయర్స్ రైస్ అని అమ్మేది కూడా నూకలే.

పది లీటర్లకు కొలత: టూ-రో పేల్ మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన రెండు వరసల బార్లీ) 1.7 కిలోలు, బియ్యం 400 గ్రాములు, నీళ్ళు మొత్తం 15 లీటర్లు. బియ్యం అయిదో వంతు దాటకుండా ఉంటే మంచిది. మూడో వంతుకు పోతే ఈస్ట్‌కు కావాల్సిన నత్రజని తగ్గి, పులియడం నత్తనడకన సాగుతుంది, బీరు కూడా నీళ్ళనీళ్ళగా ఉంటుంది. మాల్ట్‌ను కొన్న దుకాణంలోనే రెండుసార్లు మరపట్టించమని అడగండి. సంచి పద్ధతిలో పొడి కాస్త ఎక్కువైనా ఇబ్బంది లేదు, గింజ పగలకపోతేనే తీపి రాదు.

బియ్యం పచ్చిగా వేస్తే పిండి పిండిగానే మిగిలిపోతుంది. మాల్ట్‌లోని ఎంజైములు (పిండిని చక్కెరగా మార్చేవి) పనిచేసేది 66 డిగ్రీల సెల్సియస్ దగ్గర. బియ్యపు పిండి విచ్చుకోవడానికి అంతకంటే ఎక్కువ వేడి కావాలి, కొన్ని రకాలకు 80 దాటాలి. కాబట్టి ముందే జావ కాయాలి. 15 లీటర్లలోంచి రెండున్నర లీటర్లు తీసి, ఉప్పూ నూనే తగలకుండా, బియ్యాన్ని కుక్కర్లో ఆరేడు విజిల్స్ రానివ్వండి. మెతుకు వేళ్ళ మధ్య నలిపితే పలుకు తగలకూడదు. కుక్కర్ రబ్బరు మాత్రం కొత్తది ఉంచుకోండి. గిన్నె ఎంత తోమినా, చేపల పులుసు వాసన ఆ రబ్బరులోనే దాక్కుంటుంది.

జావ చల్లారేకొద్దీ గట్టిపడి సంచిలో ముద్దగా కూర్చుంటుంది. దానికో చిట్కా ఉంది. జావ 70 డిగ్రీలకు దిగినప్పుడు మాల్ట్ పొడి ఓ గుప్పెడు, సుమారు 100 గ్రాములు, వేసి కలిపి మూత పెట్టండి. పది నిమిషాల్లో గరిటె నిలబడే జావ మజ్జిగలా జారిపోతుంది. మాల్ట్ ఏం చేస్తుందో కళ్ళారా చూడాలంటే ఇంతకంటే మంచి చోటు లేదు.

పల్చబడిన జావను పెద్ద గిన్నెలోని మిగతా నీళ్ళలో కలిపి 68 డిగ్రీలకు, అంటే ఫారన్‌హీట్‌లో 154కు తెచ్చి పొయ్యి ఆపండి. సంచి దించి, మిగిలిన మాల్ట్‌ను ఉండలు కట్టకుండా పోస్తూ కలిపితే వేడి 66కు దిగుతుంది. దుప్పటి చుట్టి గంటసేపు వదిలేయండి. వేడి 63 వైపు జారితే బీరు పొడిగా, 69 వైపు పోతే కాస్త తియ్యగా, చిక్కగా వస్తుంది. 75 దాటిందా, ఎంజైములు చచ్చినట్టే. గంట తర్వాత తెల్ల సాసర్లో రసం చుక్క వేసి, పక్కనే టింక్చర్ అయోడిన్ చుక్క తగిలించి చూడండి. నల్లగా నీలంగా మారితే పిండి ఇంకా ఉందని, ఇంకో పావుగంట ఆగాలని అర్థం. గోధుమరంగులోనే ఉంటే సంచి ఎత్తి, గట్టిగా పిండేసి పక్కన పెట్టి, గిన్నెలోని రసాన్ని మరగపెట్టండి. సాసర్లో రసం పారబోయాలి, తిరిగి గిన్నెలో వెయ్యొద్దు.

ఆన్‌కాల్ వారమైతే ఒకటి గుర్తుంచుకోవాలి. మాల్ట్ నానే గంటలో ఆఫీసు కాల్ వచ్చినా నష్టం లేదు, గంట గంటన్నరైనా అది అక్కడే ఉంటుంది. మరుగు మొదలయ్యే పది నిమిషాలు మాత్రం గిన్నె దగ్గర్నుంచి కదలకూడదు. నురగ ఒక్కసారిగా లేచి పొయ్యి మీదికి పొంగుతుంది. కాయిల్ మీద మాడిన పాకం గోకడం వల్ల డిపాజిట్‌లో కోత తప్ప ఒరిగేదేం లేదు. మూత తీసే మరిగించాలి. మూత పెడితే ఉడికిన మొక్కజొన్న వాసన బీరులో ఉండిపోతుంది. పేల్ మాల్ట్‌కు గంట చాలు. పిల్స్‌నర్ మాల్ట్ వాడితే గంటన్నర.

బీరుకు చేదూ వాసనా ఇచ్చే పూలు హాప్స్. వాటి దగ్గర ప్యాకెట్ మీది ఆల్ఫా ఆమ్లం (చేదునిచ్చేది అదే) శాతం చూడకుండా గ్రాములు నమ్ముకోవద్దు. అయిదు శాతం ఉన్న క్యాస్కేడ్ లేదా హాలర్‌టావ్ అయితే మరుగు మొదట్లో 15 గ్రాములు, ఆఖరి అయిదు నిమిషాలకు 10 గ్రాములు. ఇరవై ఐబీయూల (బీరు చేదుకు కొలమానం) దగ్గర చేదు తేలుతుంది, మనవాళ్ళ నోటికి సరిపోయేది అదే. 12 శాతం ఉండే మాగ్నమ్ అయితే మొదటి మోతాదు ఆరు గ్రాములే.

గిన్నెను సింకులో ఐసు నీళ్ళలో దించి 20 డిగ్రీలకు తేవాలి. ఇక్కడినుంచి తగిలే ప్రతి వస్తువూ శానిటైజర్‌లో మునగాల్సిందే. స్టార్ శాన్ అయితే లీటరుకు ఒకటిన్నర మిల్లీలీటర్లు, ఒక నిమిషం చాలు, కడగక్కర్లేదు. హైడ్రోమీటరు 1.045 చూపాలి. తగ్గితే డ్రై మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ (మాల్ట్ రసాన్ని ఎండబెట్టిన పొడి) 100 గ్రాములకు సుమారు నాలుగు పాయింట్లు, అంటే 0.004, పెరుగుతాయి. కాసిని నీళ్ళలో మరిగించి చల్లార్చి కలపండి. ఆ తర్వాత రసాన్ని బకెట్లో పోసి, బాగా ఊపి గాలి పట్టించి, సఫేల్ యూఎస్-05 ఈస్ట్ సగం ప్యాకెట్ పైన చల్లితే సరిపోతుంది.

మన తీరంలో తాటి కల్లు ఎవరూ ఏమీ కలపకుండానే పొద్దున దించితే సాయంత్రానికి పులుస్తుంది. ఆ అలవాటు కళ్ళతో చూసి, ఇదీ రెండ్రోజుల్లో అయిపోతుందనుకుని మూత తెరుస్తారు. చెడగొట్టేది ఆ తొందరే. రెండు వారాలు ముట్టుకోకండి.

అంతకంటే ఎక్కువ బీరు చెడేది వేడి వల్ల. టెక్సస్ వేసవిలో కరెంటు బిల్లుకు భయపడి ఏసీ 78 ఫారన్‌హీట్ మీద పెడతారు. అంటే పాతిక డిగ్రీలు దాటింది. పులిసేటప్పుడు బీరు తానే వేడి పుట్టిస్తుంది, గది కంటే మూడు నాలుగు డిగ్రీలు పైన ఉంటుంది. 28 దగ్గర యూఎస్-05 ఘాటైన ఆల్కహాళ్ళు తయారుచేస్తుంది. తాగితే గొంతు మండుతుంది, పొద్దున తల పగులుతుంది. మొదటి మూడు రోజులు 18, 19 డిగ్రీల్లో ఉంచితే చాలు, ఆ తర్వాత ఇరవై ఒకటికి పోయినా ఇబ్బంది లేదు. బకెట్‌ను టబ్బులో నీళ్ళు పోసి నిలబెట్టి, గడ్డకట్టించిన నీళ్ళ సీసాలు ఆఫీసుకు పోయేముందు రెండు, వచ్చాక రెండు మార్చండి. అది కుదరకపోతే ఈస్ట్‌నే మార్చేయండి. నార్వే పల్లెల నుంచి వచ్చిన వాస్ క్వైక్ రకం 35 డిగ్రీలు దాటినా హాయిగా పనిచేసి, నారింజ వాసన ఇస్తుంది. మా లెక్కలో ఒంగోలు ఎండ తెలిసినవాళ్ళకు నచ్చాల్సిన ఈస్ట్ అది.

నీళ్ళ విషయంలో ఒక్కటే జాగ్రత్త. చాలా నగరాల నల్లా నీళ్ళలో క్రిములను చంపే క్లోరమైన్ ఉంటుంది, మామూలుగా మరిగిస్తే పోదు. బీరుకు ప్లాస్టర్ పట్టీ వాసన తెచ్చేది అదే. పదిహేను లీటర్లకు క్యాంప్‌డెన్ అనే సల్ఫైట్ బిళ్ళలో పావు ముక్క పొడిచేసి కలిపితే విరిగిపోతుంది.

రెండో విడత నుంచి పోపులపెట్టె వైపు చెయ్యి పోతుంది. పోనివ్వండి, కానీ కొలతతో. బెల్జియం తెల్ల బీరులో ధనియాలు, నారింజ తొక్క వేస్తారు. మన కోలగా ఉండే ధనియాల్లో గుండ్రటి రకం కంటే నిమ్మ వాసన ఎక్కువ, ఈ పనికి అవే మేలు. పది లీటర్లకు ఎనిమిది గ్రాములు కచ్చాపచ్చాగా దంచి, లోపలి తెల్ల పొర లేకుండా తీసిన బత్తాయి తొక్క పది గ్రాములతో కలిపి, మరుగు ఆఖరి అయిదు నిమిషాల్లో వెయ్యండి. వేయించొద్దు, రసం పొడి వాసనొస్తుంది. బెల్లం వేస్తే తియ్యగా వస్తుందనుకోవద్దు. తీపంతా ఈస్ట్ తినేస్తుంది, వాసనా రంగూ మిగులుతాయి. 250 గ్రాములకు ఆల్కహాల్ ఒక శాతం దాకా పెరుగుతుంది. రాగి అయితే మొలకెత్తించి ఎండబెట్టినది 200 గ్రాములు మించకండి. డబ్బాల్లో అమ్మే రాగి మాల్ట్‌లో పాలపొడి, చక్కెర, యాలకులు ఉంటాయి, అది పిల్లలకే.

ఇంటికి ఫోనులో "బీరు చేస్తున్నా" అంటే అమ్మకు వినపడేది సారానే. వినపడకుండా ఎట్టా ఉంటుంది? దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణాల మీద తిరగబడ్డ నెల్లూరు జిల్లా మనది. 1992 నాటి ఆ పోరాటంతోనే 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. అమెరికాలోనూ బట్టీ పెట్టి సారా దించడం ఫెడరల్ నేరమే. బీరు వరకు 1978 చట్టం ఒప్పుకుంటుంది: ఒక్కరున్న ఇంట్లో ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు పెద్దవాళ్ళుంటే 200, అమ్మకం మాత్రం కుదరదు. ఉగాది పార్టీలో సీసాకు ఇంతని పుచ్చుకున్నా అమ్మకమే. హెచ్-1బి మీద ఉన్నవాళ్ళకు అది ఇంకో తలనొప్పి. కువైట్‌లో, సౌదీలో ఉన్నవాళ్ళు దీని జోలికే పోవద్దు. సెలవులకు కావలికో కందుకూరుకో వెళ్ళినప్పుడు చేసి చూపిద్దామనుకోవద్దు, ఆంధ్రలో లైసెన్సు లేకుండా చేస్తే ఎక్సైజ్ కేసే.

సీసాల్లో నింపేముందు హైడ్రోమీటరు రెండు మూడు రోజుల తేడాలో ఒకే అంకె, 1.008 నుంచి 1.010 మధ్య, చూపాలి. ఇంకా దిగుతుండగా నింపితే సీసాలు పేలుతాయి, గాజుముక్కలు గోడలో దిగుతాయి. 60 గ్రాముల చక్కెర 150 మిల్లీలీటర్ల నీళ్ళలో మరిగించి, చల్లార్చి, బీరు మొత్తానికి మెల్లగా కలపండి. సీసాకో చెంచా చొప్పున వేసుకుంటూ పోతే ఒకటి చప్పగా, ఒకటి ఫౌంటెన్‌లా వస్తాయి. గోధుమరంగు సీసాలే వాడాలి, వెలుగు తగిలితే హాప్స్ కంపు కొడతాయి. తిప్పి తీసే మూతల సీసాలకు కొత్త మూత సరిగ్గా పట్టదు. 355 మిల్లీలీటర్లవి ఇరవయ్యారు దాకా వస్తాయి.

సీసాల్లో నింపి రెండు వారాలు దాటినా గ్యాస్ రాకపోతే పారబోయొద్దు. న్యూజెర్సీ చలికాలంలో బయటి గోడ పక్క అలమరలో పదిహేను డిగ్రీలు కూడా ఉండవు, ఈస్ట్ నిద్రపోతుంది. సీసాలను ఒకసారి తలకిందులు చేసి అడుగు మడ్డి కదిలించి, హీటర్ ఉన్న గదిలో 21 డిగ్రీల దగ్గర ఇంకో పది రోజులు ఉంచి, ఒక్కటే తెరిచి చూడండి.