పేర్ల జాబితా కాదు, పెద్దల తగాదా: నెట్ మేనేజ్‌మెంట్‌లో ఓడీ నేను చదివిన తీరు

అధ్యాపక అర్హత పరీక్ష యూజీసీ నెట్‌లో మేనేజ్‌మెంట్ పేపరుకు సిద్ధమవుతున్న మన జిల్లా మిత్రులు కొందరు ఒకే సంగతి అడుగుతున్నారు: సంస్థాగత అభివృద్ధి, మార్పు అనే అధ్యాయాన్ని ఎలా చదివారని. మనం ఓడీ అని పిలుచుకునే ఆ అధ్యాయం గైడులో పట్టుమని పది పేజీలుండదు. కానీ జతపరచడానికి, కాలక్రమంలో అమర్చడానికి, వ్యాఖ్య–కారణం ప్రశ్నలకు ఇంతకంటే అనువైన చోటు పేపరు తయారుచేసేవారికి దొరకదు. నల్గొండ గ్రంథాలయంలో పేర్లూ సంవత్సరాలూ వల్లెవేసేవాళ్లు నా చుట్టూ చాలామందే ఉండేవారు. రెండు ఐచ్ఛికాలు దగ్గరగా కనిపిస్తే వాళ్ల బట్టీ చెదిరిపోయేది. నేను మాత్రం ఈ అధ్యాయాన్ని ఒక తగాదాగా చదివాను. ఎవరు ఎవరి మాటను కాదన్నారో, ఎందుకు కాదన్నారో పట్టుకుంటే సంవత్సరాలు వాటంతటవే వరుసలో కూర్చుంటాయి.

టేలర్ 1911లో చెప్పింది తెలిసిందే: పద్ధతిని నిపుణుడు నిర్ణయించాలి, కార్మికుడు పాటించాలి. పనిచోట మనుషుల మధ్య సంబంధాలూ ఉత్పత్తిని ప్రభావితం చేస్తాయని చూపిన హాథార్న్ ప్రయోగాలు ఆ నమ్మకాన్ని కదిలించాయి. ఈ రెండింటి మీద ఎక్కువ సమయం పెట్టకండి, వేరే అధ్యాయంలో ఎలాగూ వస్తాయి.

ఆగి చదవాల్సింది మనోవిజ్ఞాన పరిశోధకుడు కర్ట్ లెవిన్ దగ్గర. అందరూ ఆయన మూడు దశలను, అంటే కరిగించడం, మార్చడం, మళ్లీ గడ్డకట్టించడం అన్నవాటిని కంఠస్థం చేసి వదిలేస్తారు. నన్నడిగితే ఆయన అసలు బలం బలక్షేత్ర విశ్లేషణలో ఉంది. మార్పు వైపు నెట్టే శక్తులుంటాయి, వెనక్కి లాగే శక్తులుంటాయి. నెట్టుడు పెంచితే ఉద్రిక్తత పెరుగుతుంది, కాబట్టి లాగుడు తగ్గించాలి. దీనికి రుజువు కావాలంటే వర్జీనియాలోని హార్వుడ్ పైజామాల కర్మాగారంలో కోచ్, ఫ్రెంచ్ చేసిన అధ్యయనం చూడండి. 1948లో వెలువడింది. పని పద్ధతి మారిందని ఒక బృందానికి ఊరికే చెప్పారు. ఉత్పత్తి పడిపోయి లేవలేదు, మొదటి నలభై రోజుల్లో 17 శాతం మంది మానేశారు. కొత్త పద్ధతిని రూపొందించడంలో అందరినీ కూర్చోబెట్టిన బృందాలు త్వరగా కోలుకుని పాత స్థాయిని దాటాయి. గైడులు వదిలేసే సంగతి ఇంకొకటుంది. మొదటి బృందంలో మిగిలినవారిని కొన్నాళ్లకు మళ్లీ ఒకచోట చేర్చి, ఈసారి చర్చలో భాగం చేస్తే వాళ్లూ చక్కగా కోలుకున్నారు. మనుషులు వాళ్లే, అడిగిన తీరు మారింది. ‘మార్పును వ్యతిరేకించడం కొందరి స్వభావం’ అని ఐచ్ఛికంలో కనిపిస్తే ఈ కర్మాగారాన్ని తలచుకోండి.

లెవిన్ 1947 ఫిబ్రవరిలో చనిపోయారు. అంతకుముందు ఏడాది అమెరికాలోని కనెక్టికట్‌లో జరిగిన ఒక శిబిరంలో, తమ ప్రవర్తన గురించి నిర్వాహకులు రాత్రిపూట చేసే చర్చను వింటామని శిక్షణకు వచ్చినవారే వచ్చి కూర్చున్నారు. చిన్న బృందంగా కూర్చుని తమ ప్రవర్తననే చర్చించుకుంటూ నేర్చుకునే టీ-గ్రూపు పుట్టింది అక్కడే. 1947లో అమెరికాలోనే బెతెల్ అనే ఊళ్లో అది స్థిరపడింది. తరువాతి తగాదా దీనిమీదే: శిబిరంలో మారిన మనిషి తిరిగి అదే ఆఫీసుకు, అదే అధికారి కిందికి వెళితే ఆ మార్పు ఎన్నాళ్లు నిలుస్తుంది? ఆ ప్రశ్న తెలిస్తే బెక్‌హార్డ్ 1969లో ఓడీకి ఇచ్చిన నిర్వచనంలో ‘సంస్థ మొత్తానికి’, ‘పైనుంచి నిర్వహించే’ అన్న మాటలు ఎందుకున్నాయో వేరే చెప్పనక్కరలేదు.

ఇంగ్లండ్‌లో వాదన మరో దారిలో నడిచింది. బొగ్గు గనుల్లో కొత్త యంత్ర పద్ధతి వచ్చాక, ఒకరినొకరు చూసుకుంటూ పనిచేసుకునే చిన్న బృందాలు విడిపోయాయి, ఆశించిన ఫలితం రాలేదు. ట్రిస్ట్, బామ్‌ఫోర్త్ 1951లో దీన్ని రాశారు. సాంకేతికతను, సామాజిక అమరికను కలిపి చూడాలన్నది వారి వాదన. అదే ఆలోచనతో రైస్ అనే పరిశోధకుడు అహ్మదాబాద్ కాలికో మిల్లులో నేత బృందాలను పునర్వ్యవస్థీకరించారు. ఈ రెండూ జతపరిచే ప్రశ్నల్లో జంటగా వస్తాయని గుర్తుంచుకోండి.

ఇవన్నీ నాకు నిజంగా తలకెక్కింది మన రెవెన్యూ వ్యవస్థ మీద పెట్టి చూసినప్పుడే. దేవరకొండ వైపు రైతుకు కావాల్సింది ఎప్పుడూ అదే: పహాణీ నకలు, పాసుపుస్తకంలో పేరు, విస్తీర్ణం సరిగ్గా ఉండటం. అడగాల్సిన మనిషే మారుతూ వచ్చాడు. 1984లో పటేల్, పట్వారీ వ్యవస్థ పోయింది. 2020లో వీఆర్వో పోస్టులు రద్దయి, భూ రికార్డులకు ధరణి పోర్టల్ వచ్చింది. 2025లో భూభారతి చట్టంతో పాటు గ్రామానికి మళ్లీ ఒక అధికారి వచ్చాడు. మూడు దశల నమూనాతో చూస్తే మళ్లీ గడ్డకట్టే దశ ఎక్కడుందో చెప్పడం కష్టం. ట్రిస్ట్ కళ్లతో చూస్తే మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది: పోర్టల్ వచ్చిన ఏడాదే, ఏ గట్టు ఎవరిదో తెలిసిన మనిషి ఊరినుంచి వెళ్లిపోయాడు. రాజకీయాలు పక్కనబెట్టి ఇలా విశ్లేషిస్తే గ్రూప్-1 వ్యాసానికీ పనికొస్తుంది.

ఎనభైల తర్వాత తగాదా వేడెక్కుతుంది. ఎప్పుడూ జబ్బు వెతకడమేనా, సంస్థలో బాగున్నదాని నుంచి మొదలుపెట్టకూడదా అని కూపర్‌రైడర్, శ్రీవాస్తవ 1987లో అడిగారు. కోటర్ 1995లో మళ్లీ నాయకుడినే ముందు నిలబెట్టి మార్పుకు ఎనిమిది మెట్లు కట్టారు. మేనేజర్లకు నచ్చడంలో వింత లేదు. మార్పు అప్పుడప్పుడు వచ్చే సంఘటనా, నిరంతరం సాగేదా అని వైక్, క్విన్ 1999లో విడదీశారు. నిరంతర మార్పుకు వాళ్లు వరుసను తిరగేశారు: సాగుతున్నదాన్ని ముందు గడ్డకట్టించి చూడాలి, సర్దాలి, తర్వాత కరిగించాలి. అందరూ పొరబడేది ఈ ప్రశ్నలోనే. సమస్య ఏమిటో ముందు కనిపెట్టి సరిచేసే రోగనిర్ధారణ పద్ధతికి ఎదురుగా, మనుషులు మాట్లాడుకునే తీరు మారితే సంస్థ మారుతుందనే సంభాషణ పద్ధతిని బుష్, మార్షాక్ 2009లో నిలబెట్టారు. 2016లోనైతే కమింగ్స్, బ్రిడ్జ్‌మన్, బ్రౌన్ ఏకంగా ఆ మూడు దశల నమూనాకు లెవిన్ ఇచ్చిన ప్రాధాన్యం చాలా తక్కువని, దాన్ని తర్వాతివాళ్లే పెంచి పెద్దది చేశారని వాదించారు. పరీక్షలో మాత్రం లెవిన్ పేరే గుర్తించండి.

భారతీయుల్లో ఉదయ్ పరీఖ్‌ను వదలకండి. సంస్థ సంస్కృతిని కొలవడానికి ఆయన రూపొందించిన ఆక్టాపేస్‌లోని ఎనిమిది విలువలు, కోటర్ ఎనిమిది మెట్లు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, కాబట్టి రెండింటినీ ఒకే రోజు చదవవద్దు. కోటర్ మెట్లు వరుసతో సహా రావాలి, ఆక్టాపేస్‌కు పేర్లు చాలు. నెగెటివ్ మార్కులు లేవు కనుక ఈ అధ్యాయంలో ఏ ప్రశ్ననూ ఖాళీగా వదిలి రావద్దు.