నేనడిగింది అతన్ని, నిన్ను కాదు

ఇంగ్లండ్‌లో, లెస్టర్‌లోని ఒక కాలేజీలో లెర్నింగ్ సపోర్ట్ అసిస్టెంట్‌గా ఇది నాకు రెండో ఏడు. నేను తోడుగా కూర్చునే కుర్రాడికి పద్దెనిమిదేళ్లు, ఆటిజం ఉంది, కంప్యూటింగ్ కోర్సు. మొన్న ట్యూటర్ అతన్నేదో అడిగింది. బల్లకేసి చూస్తూ ఉండిపోయాడు. నాకు టెన్షన్ వచ్చి, జవాబు నేనే చెప్పేశాను. "నేనడిగింది అతన్ని, నిన్ను కాదు" అనేసింది క్లాసందరి ముందూ.

ఇంటికొచ్చినా అదే మాట చెవుల్లో. నేనేం తప్పు చేశాను? చుట్టాలొచ్చి "ఏం చదువుతున్నావు బాబూ" అంటే మన ఇళ్లల్లో వాడు నోరు తెరిచేలోగా అమ్మ చెప్పేస్తుంది. అది ప్రేమే, ఇప్పటికీ అంటాను.

మర్నాడు అతను ఫోన్‌లో టైప్ చేసి చూపించాడు: "నాకు జవాబు తెలుసు. మాట రావడానికి టైం పడుతుంది." ట్యూటర్ మాట కంటే ఇదే ఎక్కువ గుచ్చుకుంది.

అతనికి ఈహెచ్‌సీ (ఎడ్యుకేషన్, హెల్త్ అండ్ కేర్) ప్లాన్ ఉంది, ఏ సాయం కావాలో అందులో రాసుంటుంది, కాలేజీలో చదువుతుంటే 25 ఏళ్ల దాకా కూడా సాగొచ్చు. యూనివర్సిటీలో చేరితే మాత్రం అది ఆగిపోతుంది. 2010 ఈక్వాలిటీ చట్టం ప్రకారం పరీక్షలో అదనపు సమయం, విడి గది లాంటి సర్దుబాట్లు అక్కడా చేయాలి, కానీ తనకేం కావాలో తనే వెళ్లి చెప్పుకోవాలి, వైకల్యం ఉన్న విద్యార్థులకిచ్చే ఆర్థిక సాయం, డిసేబుల్డ్ స్టూడెంట్స్ అలవెన్స్‌కి తనే అప్లై చేసుకోవాలి. వచ్చే ఏడు అతను వెళ్లాలనుకుంటున్నది అక్కడికే. ఇన్నాళ్లూ నేనే జవాబులు చెప్పేస్తుంటే రేపు అక్కడెలా?

మనకీ 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది, ఆటిజాన్నీ అందులో చేర్చారు, ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లో 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవాళ్లకి 5 శాతానికి తగ్గకుండా సీట్లివ్వాలి. విజయవాడలో మా పిన్ని కొడుకు అక్కడిదాకా వెళ్తేగా! ఇంటర్ హాస్టల్లో ఆ బెల్లులు, ఆ అరుపులు పడక నెలకే వచ్చేశాడు. బంధువులందరం కూర్చుని వాడి చదువు గురించి తలా ఒకటి చెప్పాం. వాణ్ణి ఎవరం అడగలేదు, నేనూ అడగలేదు.

అలాగని ఇక్కడంతా బాగుందని ఒప్పుకోలేను. ఈ అబ్బాయి రోజూ ఒక్కడే మూల కూర్చుని శాండ్‌విచ్ తింటాడు. మా పిన్ని ఇంట్లో వాడు ఒక్కపూటైనా ఒంటరిగా తినడు, ఎవరో ఒకరు పక్కన చేరి పెరుగు వేస్తారు. ఆ ఒక్కటి చూసినప్పుడల్లా నాకు ఇంటికెళ్లిపోవాలనిపిస్తుంది.

ఆదివారం ఫోన్ చేస్తే పిన్ని అలవాటుగా "వాడు బానే ఉన్నాడే, తిన్నాడు, పడుకుంటాడు" అంది. "వాడికివ్వు పిన్నీ" అన్నాను. చాలాసేపు ఊపిరి శబ్దమే. నేనూ ఏమీ అనలేదు. "కంప్యూటర్ నేర్చుకుంటా అక్కా" అన్నాడు.