పెదనాన్న మినుము లెక్క

డిసెంబరు రెండో వారం, గురువారం.

తొమ్మిదింటిదాకా మంచు విడవలేదు. సాంబ మసూరి చేలన్నీ పండి వాలిపోయాయి. కోత మిషన్లు నిన్ననే ఊళ్ళో దిగాయి, పొద్దుటి నుంచీ ఒకటే రొద. కృష్ణ పడమటి డెల్టాలో ఒకప్పుడు ఇది మినుములు చల్లే వారం. కోతకు రెండు మూడు రోజుల ముందు, వరి ఇంకా నిలబడి ఉండగానే చేలో మినుములు చల్లేసేవాళ్ళు. దుక్కి లేదు, తడి పెట్టడం లేదు. వరి వదిలిన పదునుతోనే, అంటే నేలలో మిగిలిన తేమతోనే రెండో పంట పండాలి. పెదనాన్నకు ఏడాది మొత్తంలో ముఖ్యమైన రోజు క్రిస్మస్ కాదు, మినుము చల్లే రోజేననిపించేది. ఆయన వింటే ఒప్పుకునేవాడు కాదులెండి.

ఆయన్ని సమాధి చేసిన రోజు పాస్టరుగారు ప్రార్థనాపరుడన్నారు, కష్టజీవి అన్నారు, మంచి కుటుంబీకుడన్నారు. ఒక్కటీ అబద్ధం కాదు. కానీ ఆ మూడు మాటలూ ఈ చుట్టుపక్కల ఏ రైతు పెట్టె ముందైనా చదవొచ్చు. ఆయనకే చెల్లే సంగతులు పనిలో ఉన్నాయి. వాటిని రాసి పెట్టకపోతే ఇంకొన్నేళ్ళకు చెప్పేవాళ్ళుండరు.

ముందు పదును. కోత పది రోజులుందనగా మడవలు (గట్టులో నీళ్ళు పారే గండ్లు) తెంచి నీళ్ళు తీసేవాడు. అక్కణ్ణించి రోజూ చెప్పులు గట్టు మీద వదిలి చేలో నడిచేవాడు. పాదం ముద్ర స్పష్టంగా పడాలి, మడమ దిగబడకూడదు, ముద్రలోకి నీరు ఊరకూడదు. నీరు ఊరితే గింజ కుళ్ళుతుంది. ముద్రే పడకపోతే గింజ ఉబ్బి, మొలక వేరు లోపలికి దిగలేక ఎండిపోతుంది. ఒక్క ఎకరంలో కూడా నేలంతా ఒకేసారి పదునుకు రాదు, బోదె (నీటి కాలువ) పక్కన ఒక రోజు వెనకపడుతుంది. అందుకని మెరక ముందు, పల్లం మర్నాడు. ఒక్కరోజులో చల్లి చేతులు దులుపుకున్నవాళ్ళ చేలల్లో పల్లం వైపు మొలకే ఉండేది కాదు.

ఎకరాకు 16 కిలోలు. ఎక్కువనిపిస్తుంది. లెక్క వేస్తే చదరపు మీటరుకు ఎనభై పైచిలుకు గింజలు పడతాయి, నిలవాల్సింది ముప్పై మొక్కలే. మిగిలిన యాభై ఏమవుతాయంటే, కొన్ని పిట్టలకు, కొన్ని కోసేవాళ్ళ కాళ్ళకింద, కొన్ని నెర్రెల్లోకి. మంచు ఆరకుండా చల్లితే గింజ వరి ఆకుకు అంటుకుని కింద పడదు, కాబట్టి పది దాటాకే మొదలు. సగం విత్తనం నిలువునా, సగం అడ్డంగా. వరి పడిపోయిన చోట వెదురు కర్రతో కంకుల్ని తట్టుకుంటూ పోవాలి, లేదంటే గింజ పైనే ఉండిపోతుంది. ఆ కర్ర పట్టుకుని వెనకాల నడిచేది పెద్దమ్మ. ఆయన చల్లాడని ఊరంతా చెప్పుకుంటారు గానీ, సగం మొలక ఆ కర్ర వల్లే.

చల్లే ముందు గంపలో చెయ్యి పెట్టి ప్రార్థన చేసేవాడు. చాలా చిన్నది, ఊపిరి తీసి వదిలేంత సేపు. రాత్రి కుటుంబ ప్రార్థన మాత్రం పొడుగు, అందులో సగం కునుకు.

ఆయన భక్తి అసలు కనిపించేది వారం లెక్కలో. కోసిన వరి నాలుగు రోజులు పనల మీద, అంటే చేలో పరిచిన చోటే, ఆరాలి. ఆ తర్వాత కట్టలు కట్టి కుప్పకు చేర్చాలి. పన కదపకుండా అంతకు మించి ఉంచితే కింద మొలిచిన మినుము వెలుతురు లేక పాలిపోయి, సన్నగా సాగి, ఎండ తగలగానే వాలిపోతుంది. అంటే కోతకూ కట్టెత్తడానికీ మధ్య తిప్పడానికి చోటు లేదు. బుధవారం కోస్తే కట్టలు ఆదివారం ఎత్తాల్సి వస్తుంది. ఆదివారం ఆయన పనిచేయడు, కూలీలనూ పిలవడు. అందుకని సోమవారమే కోత. సోమవారం కోత అంటే శుక్రవారం మెరక మీద చల్లకం, శనివారం పల్లంలో. దాన్నిబట్టి నీళ్ళు తీసే రోజు. గోడ మీది కేలండరులో కోత రోజు చుట్టూ గీసి, అక్కణ్ణించి వెనక్కి లెక్కపెట్టుకునేవాడు. మునుం పట్టి కోసే ఆడవాళ్ళతో వారం ముందే మాట్లాడి పెట్టేవాడు. ఆదివారం పని మానేశాడని చెప్పుకోవడం తేలిక. మానడానికి పది రోజుల ముందు నుంచీ ఏమేం సర్దుకోవాలో చేసినవాళ్ళకే తెలుస్తుంది.

తుపాను మబ్బు పడితే ఈ లెక్కలన్నీ పక్కకే. ఆరాధన కాగానే తెల్లచొక్కా విప్పి గట్టు మీద పెట్టి కట్టలు కట్టేవాడు. ఎద్దు గుంటలో పడితే విశ్రాంతి దినమైనా లాగరా, అనేవాడు అడిగినవాళ్ళతో. పనలు తడిసిపోతే 5 శాతం ఉప్పునీళ్ళు. లీటరుకు 50 గ్రాములు, ఎకరాకు 200 లీటర్లు, అంటే పది కిలోల ఉప్పు. నీళ్ళు తీసేసి, కంకులు బాగా తడిసేట్టు కొడితే గింజ మొలకెత్తడం ఆగుతుంది. కొందరు మొలక కనబడ్డాక కొట్టేవాళ్ళు, అప్పటికి ఫలితం లేదు. పెదనాన్న ముందు ప్రార్థన చేసేవాడు, లేచి ఉప్పు కలిపేవాడు. ఒకటి చేశాం గదా అని రెండోది వదిలేయడం ఆయన పద్ధతి కాదు.

సొంతం రెండెకరాలు, కౌలు మూడు. కౌలు వరి మీదే పోయేది. ఎకరాకు 75 కిలోల బస్తాలు ముప్పై పండితే అందులో దాదాపు సగం భూమి గలవాళ్ళకు. ఎరువుల బాకీ, కోత కూలి పోను వరిలో మిగిలేది తిండిగింజలు. మినుము ఆరేడు క్వింటాళ్ళు దిగితే అదే పిల్లల ఫీజులు, అదే పెళ్ళిళ్ళు, బ్యాంకు లోను తిరగరాయడం. అంత ఆశ పెట్టుకున్న పంటలో కూడా కాటా వేసిన రోజే చర్చికిచ్చే దశమ భాగం (పదో వంతు) వేరే సంచిలో పోసి మూతి కుట్టేసేవాడు. అమ్మకం తర్వాత తీద్దామనుకుంటే బాకీలవాళ్ళు ముందొస్తారని ఆయన భయం. భక్తి కన్నా ముందుచూపు అనుకోవచ్చు. రెండింటినీ విడదీసి చూడటం ఆయన విషయంలో కష్టం.

మినుము 75 నుంచి 80 రోజులకు పీకుడికి వస్తుంది, సరిగ్గా ఈస్టరుకు ముందొచ్చే శ్రమల దినాల్లో. కాయ ఎండాక ఎండలో ముట్టుకుంటే పగిలి రాలుతుంది. అందుకే నాలుగింటికే లేచి, మంచు తడి ఉండగా పీకి, ఎండెక్కేలోపు ఆపేయాలి. సాయంత్రం కూడికలకు ఆలస్యం కాకుండా వెళ్ళడానికి అది కలిసొచ్చింది.

చర్చిలో కానుక లెక్క ఆయన చేతుల్లో ఉండేది. పక్కన ఇద్దరు లేకుండా పెట్టె తెరిచేవాడు కాదు, అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాసి ముగ్గురి సంతకాలు పెట్టించేవాడు. కోతల పండగ వేలంలో తను తెచ్చిన గుమ్మడికాయను తనే ఎక్కువ పాట పాడి ఇంటికి తెచ్చేవాడు, పెద్దమ్మ సణుగుతున్నా.

నీళ్ళ వంతు దగ్గర మాత్రం ఇంత పెద్దమనిషి కాడు. రాత్రి తన మడవ ఎవరైనా కట్టేస్తే పార పట్టుకునే మాట్లాడేవాడు. ఆ మనిషి పక్క బెంచీలో కూర్చునేవాడే అయినా సరే. ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షరసం) తీసుకునే ఆదివారానికి ముందు మళ్ళీ తనే వాళ్ళింటికి పోయి పలకరించి వచ్చేవాడు. తప్పెవరిదో తేల్చే మాట మాత్రం ఎత్తేవాడు కాదు.

ఆయన పోయేముందే ఈ పద్ధతి తగ్గిపోయింది. మిషను చక్రాల కింద మొలక నలిగిపోతుంది, కోశాక చల్లుదామంటే పదును ఆరిపోతుంది. పైగా పల్లాకు తెగులు. తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ అది, ఆకు పసుపు మచ్చలు పడ్డాక ఏ మందూ దాన్ని నయం చేయదు. ఊళ్ళో చాలామంది మొక్కజొన్న, జొన్న వేస్తున్నారు. నీళ్ళూ యూరియా పోసేకొద్దీ తాగే పంటలని ఆయన విసుక్కున్నాడు గానీ, ఒక ఎకరంలో తనూ వేశాడు.

ఆయనకు చివరిదాకా శత్రువు బంగారు తీగ. ఆకూ వేరూ లేకుండా పసుపుపచ్చటి దారంలా మినుముకు చుట్టుకుని రసం పీల్చేస్తుంది. విత్తనంలో కలిసే వస్తుంది కాబట్టి, చల్లేముందు సన్న జల్లెడ పట్టాల్సిందే. దాని గింజ మినుము కన్నా చాలా చిన్నది, కిందికి జారిపోతుంది. చేలో కనబడితే తీగను లాగితే చాలదు, తెగిన ముక్క మళ్ళీ అల్లుకుంటుంది. చుట్టుకున్న మొక్కతో సహా పీకి, పూత రాకముందే గట్టవతల కాల్చాలి. ఆయన పీకినవి చంకసంచిలో వేసుకునేవాడు, చేలో ఒక్క ముక్క పడనిచ్చేవాడు కాదు. అయినా ఆ గింజ మట్టిలో ఏళ్ళ తరబడి బతికే ఉంటుంది. సొంత రెండెకరాల్లో ఒకదాంట్లో ఈసారి మనుషులతోనే కోయిస్తున్నారు, రేపు మినుములు చల్లుతున్నారు. జనవరి మొదటి వారం నుంచీ బోదె వారన చూసుకుంటూ ఉండాలి.