మూలుగ బొమిక

ఇవాళ మధ్యాహ్నం వీధి చివర అక్కవాళ్లింట్లో బావగారి జ్ఞాపకార్థ కూడిక. అప్పుడే ఏడాది అయిపోయింది. పాస్టరు గారు బైబిల్లో యెషయా ప్రవక్త గ్రంథం 25వ అధ్యాయం చదివారు, 6వ వచనం నుంచి. "మూలుగుగల క్రొవ్వినవాటితో" విందు అన్న చోట చిన్నప్పుడు నాకు నవ్వొచ్చేది, అంత పెద్ద ప్రవక్త సీయోను కొండ మీద దేవుడు చేయబోయే విందు గురించి చెప్తూ మూలుగ దాకా వెళ్లాడేంటి అని. ఇవాళ షామియానా వెనక మటన్ ఉడుకుతున్న వాసన ముక్కుకి తగులుతుంటే నవ్వు రాలేదు. పండక్కి తప్ప మాంసం మొహం చూడని జనానికి ఇంకెలా చెప్తాడు మరి.

ఆ వెంటనే చావుని మింగేస్తాడని ఉంటుంది. వచ్చినవాళ్లు మాంసం తింటారు, పిలిచినాయన చావుని మింగుతాడు! సిరియాలో ఉగరిత్ దగ్గర 1929 నుంచి తవ్వితే దొరికిన మట్టి పలకల్లో మోత్ అని ఒక చావు దేవుడి కథ ఉంది, ఒక పెదవి నేల మీద, ఒకటి ఆకాశాన పెట్టుకుని దొరికినవాణ్ణల్లా మింగుతుంటాడు. హీబ్రూలో చావుకి మాట కూడా దాదాపు అదే. కన్నీళ్లు తుడిచే వచనం వచ్చేసరికి అందరం అక్క వైపు చూశాం, ఆవిడ మాత్రం కూరలో ఉప్పు చూడాలని లేచి వెళ్లిపోయింది.

నాకు మింగుడుపడనిది 10వ వచనం. సమస్త జనాలకీ విందు అన్న నోటితోనే మోయాబువాళ్లని పెంటకుప్పలో గడ్డి తొక్కినట్టు తొక్కేస్తాడంటాడు. పాస్టరు గారు 9 దగ్గరే ఆపేశారు, తెలివైనవారు. తర్వాతి వచనంలో గర్వం మాట ఉంది కాబట్టి అది గర్వం మీద కోపమే అనుకోవచ్చు, కానీ మృత సముద్రానికి అవతలి ఒడ్డున ఉండే పొరుగువాళ్లే కదా వాళ్లు, సమస్తంలోకి రారా? రూతు మోయాబు పిల్లే. బేత్లెహేము పొలంలో ఆ పొలం ఆసామి బోయజు పిలిచి రొట్టె చిరకలో, అంటే పులిసిన ద్రాక్షరసంలో, ముంచుకుని తినమంటే కడుపునిండా తిని, మిగిలింది అత్తకి పట్టుకెళ్లింది. దావీదు రాజుకి ముత్తవ్వ అయింది ఆవిడే.

ఇదంతా ఆలోచిస్తూ బంతిలో కూర్చున్నానా, చూస్తే పక్కన మా తోడికోడలు. రెండేళ్లుగా మాటల్లేవు. గొడవేంటో ఇక్కడ రాయను, నా తప్పూ ఉంది. లేచిపోదామంటే అప్పటికే విస్తళ్లు వేసేశారు. ఇద్దరం ఎదురుగా ఉన్న అన్నం బేసిన్ వైపు చూస్తూ తిన్నాం.

మోకాళ్ల నొప్పులని అత్తయ్య రాలేదు. చివర్లో క్యారియర్ పట్టుకుని గుండిగ దగ్గరికి వెళ్తే వెనక నుంచి తోడికోడలి గొంతు, నాతో కాదు, వడ్డించే అబ్బాయితో. "బాబూ, మూలుగ బొమికలు చూసి వెయ్యి. పళ్లు లేవు ఆవిడకి."

ఇంటికొచ్చి వడ్డిస్తే అత్తయ్య బొమికని కంచం అంచుకేసి టకటకా కొట్టింది.

"చిన్నది వచ్చిందా?"

"వచ్చింది" అన్నాను.